దిండు ఆగిన చోట

కార్తీక మాసంలో వనభోజనాలకు పోయినవాళ్ళు ఉసిరిచెట్టు కింద కూర్చుని తినాలి. ఆ ఆదివారం హార్స్లీ హిల్స్ మీద తెల్లారినప్పటి నుంచి ఒకటే వాన. గెస్టుహౌసు గడప దాటే దారి లేక, ఆఫీసరు గోపాలస్వామి భార్య కనకవల్లమ్మ చెట్టునే లోపలికి తెప్పించింది. వాచ్‌మన్ భార్య మేరమ్మ నెత్తిన గోనెపట్ట కప్పుకొని పోయి ఒక కొమ్మ విరుచుకొచ్చింది. దాన్ని హాల్లో దూలానికి, కూర్చుంటే తలలకు తగిలేంత కిందికి వేలాడగట్టి, దాని కిందనే అందరూ చిత్రాన్నం తిన్నారు. పుణ్యానికి లోటు రాలేదు. పొద్దు పోవడమే కష్టమైంది.

పుంగనూరు పట్టుగూళ్ళ సొసైటీ నుంచి నాలుగు కుటుంబాలు ఒక వ్యానులో వచ్చాయి. మగవాళ్ళు పక్క గదిలో పేకాటకు కూర్చున్నారు. ఆడవాళ్ళు హాల్లో జంపఖానా మీద గుండ్రంగా కూర్చున్నారు. ఆ గుండ్రంలో అమరావతి ఒక మోకాలు లోపల, ఒక మోకాలు బయట పెట్టి కూర్చుంది. ఒళ్ళో ఎనిమిది నెలల బిడ్డ. బిడ్డకు జలుబు. ఊపిరి తీసినప్పుడల్లా పిల్లి గురకలాంటి చప్పుడు.

ఆమె మొగుడు దొరస్వామి ఆ సొసైటీలో అటెండరు. కొండెక్కే ముందు మదనపల్లెలో వ్యాను ఆగినప్పుడు పెళ్ళాం చెవిలో ఒకే మాట చెప్పాడు.

"ఆయమ్మ నవ్వితే నవ్వు, ఏడిస్తే ఏడువు. ఈ ఒక్క పొద్దు ఓర్చుకుంటే టీచరు పని మనదే."

మహిళా మండలి వాళ్ళు పుంగనూరులో కొత్తగా బాల్వాడీ తెరుస్తున్నారు. మండలికి ప్రెసిడెంటు కనకవల్లమ్మ. పిల్లలకు అక్షరాలు దిద్దించే టీచరు కావాలి, పది పాసైన వాళ్ళు ఉంటే చెప్పమని ఆమె అన్ననాడు దొరస్వామి, "మా ఇంట్లోదే పాసయిందమ్మా" అనేశాడు. అమరావతి చదివింది ఏడు. తంబళ్లపల్లె బడిలో పుస్తకాల సంచి గోడకు తగిలించి, ఆ నెలలోనే గొర్రెల వెంట పోయింది. ఆ అబద్ధం ఎప్పుడు బయటపడుతుందోనని ఆమెకు భయం. అయినా ఆ పని కావాలి. అత్తగారింట్లో వాళ్ళకిచ్చింది వెనక వసారా. వాన పడితే గోడ చెమరుస్తుంది, గోడ చెమరిస్తే బిడ్డ రొమ్ము గురగురమంటుంది. ఆ జీతం వస్తే పొడిగా ఉండే గది ఒకటి బాడిగకు తీసుకోవచ్చు. ఆమె ఆశ అంతవరకే.

"దిండాట ఆడదామమ్మే," అంది కనకవల్లమ్మ. "నేను పళ్ళెం కొడతా. కొడతా ఉన్నంతసేపూ దిండు చేతులు మారతా ఉండాల. నేను ఆపినప్పుడు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఈ చెంబులోంచి చీటీ తీసి, అందులో రాసినట్టు చెయ్యాల. చీటీలు ఇంగ్లీషులో రాసినా. మనమంతా చదువుకున్నోళ్ళమే కదా."

ఆ కడపటి మాట అంటూ అమరావతి వైపు చూసింది.

కనకవల్లమ్మ అందరికీ వీపు పెట్టి కూర్చుంది. ఎదురుగా గోడకు నిలువుటద్దం. అద్దంలో దిండు ఎవరి చేతిలో ఉందో ఆమెకు బాగా కనబడుతుంది. ఈ సంగతి అమరావతి మొదటి చుట్టులోనే కనిపెట్టింది. కనిపెట్టి ఏం లాభం? అద్దంలో ఆమె కళ్ళు తన కళ్ళను కూడా కనిపెట్టాయి.

మొదట దిండు క్యాషియరు వెంకటముని భార్య దగ్గర ఆగింది. మొగుడి గురక ఎట్లుంటుందో చేసి చూపించమని చీటీ. ఆమె చేసింది. పక్క గదిలోంచి వెంకటముని, "నేనట్ల పెట్టను," అన్నాడు. అందరూ నవ్వారు.

తర్వాత అమరావతి. చీటీ విప్పింది. అచ్చు అక్షరాలైతే ఒక్కొక్కటి కూడబలుక్కునేది. ఇవి ఒకదాని తోక ఒకటి పట్టుకొని చీమల బారులా పోతున్నాయి.

"బిడ్డ తడిపినాడు. గుడ్డ మార్చుకొని వస్తానమ్మా," అని చీటీ పిడికిట్లో దాచుకొని వంటింట్లోకి పోయింది.

వంటింట్లో మేరమ్మ పొయ్యి ఊదుతోంది. పొయ్యికి పైన దండెం కట్టి, పొద్దుటి నుంచి బిడ్డ తడిగుడ్డలు ఆరేస్తున్నది ఆమే. అడగకుండానే ఆ పని నెత్తిన వేసుకుంది. చిన్నప్పుడు మిషన్ బడిలో చదివానని, తండ్రి పోయాక మానేశానని కూడా చెప్పింది. అది విని అమరావతి కూడా తను చదివింది ఏడేనని ఆమెతో చెప్పేసుకుంది.

"అక్కా, ఇదేందో చదివి చెప్పు. మెల్లిగా."

మేరమ్మ చీటీని మంట వెలుగుకు పెట్టి చూసింది. "లాలిపాట పాడమని ఉండాది. భయపడద్దు పో."

అమరావతి పోయి పాడింది. బాగానే పాడింది కూడా. కనకవల్లమ్మ ముఖంలో నవ్వు కొంచెం తగ్గింది.

రెండోసారి దిండు ఆగింది. బిడ్డ మళ్ళీ తడిపాడు. మేరమ్మ మళ్ళీ చదివింది. కోమటి అంగట్లో బేరమాడినట్టు మాట్లాడాలట. అమరావతి వచ్చి మాట్లాడింది.

"నీ బిడ్డ భలే సమయం చూసి తడుపుతాడే," అంది కనకవల్లమ్మ. "కడుపులో కుండేమన్నా పెట్టుకున్నాడా?"

అందరూ నవ్వారు. అమరావతి కూడా నవ్వింది.

మూడోసారి పళ్ళెం చప్పుడు ఎక్కువసేపు సాగలేదు. దిండు ఒళ్ళో పడీ పడగానే ఆగిపోయింది. చెంబులో చీటీలు ఇంకా ఉన్నా, కనకవల్లమ్మ తన సంచిలోంచి ఒకటి తీసి ఇచ్చింది.

"నువ్వు లోపలికి పోయినప్పుడు కొత్తది రాసినా. ఇది తీసుకో."

మిగిలిన ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళకు ఆ చీటీ ముందే తెలుసు. అమరావతికి అది తట్టలేదు. భయపడినవాళ్ళకు ఎదురుగా ఉన్న గొయ్యి కనబడదు, వెనక తరిమేదే కనబడుతుంది. బిడ్డను భుజాన వేసుకొని లేచింది.

వంటింట్లో మేరమ్మ చీటీ చదివి, తలెత్తలేదు.

"యాల లేచొచ్చినావమ్మా?"

"ఏం రాసుండాది?"

"టీ వచ్చేదాకా కూర్చున్న చోటి నుంచి లేవగూడదు అని రాసుండాది."

అప్పుడే హాల్లో నవ్వు పగిలింది. రేకు మీద వాన చప్పుడును మించి వినబడింది.

"పోయి నిజం చెప్పేయమ్మా," అంది మేరమ్మ. "ఏడు చదివితే ఏం తప్పుండాది? దొంగతనం చేసినావా ఏంది?"

అమరావతి హాల్లోకి వచ్చి నిలబడింది. పేకాట గదిలోంచి దొరస్వామి గుమ్మం దాకా వచ్చి ఆగాడు. అతని చేతిలో ఇంకా ముక్కలున్నాయి.

"ఏమ్మా టీచరమ్మా, చీటీ చదివినావా?"

"చదివినానమ్మా."

"చదివే లేచినావా?"

చెమరుస్తున్న వసారా గోడ ఆమె కళ్ళకు కట్టింది. నోరు దానంతట అదే తిరిగింది.

"ఆ మేరమ్మే పిలిచిందమ్మా. గుడ్డ పొయ్యిలో పడిందని కేకేసింది. పోయేదాకా ఊరుకోలా."

"మేరమ్మా, ఈడికి రా," అంది కనకవల్లమ్మ.

మేరమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"నువ్వు పిలిచినావా ఈమెను?"

మేరమ్మ అమరావతిని చూసింది. భుజం మీద బిడ్డను చూసింది. బిడ్డ దగ్గాడు.

"అవునమ్మా. నేనే పిలిచినా."

కనకవల్లమ్మకు అంతా తెలుసు. తెలుసు కాబట్టే తీరిగ్గా దిండు తీసి పక్కన పెట్టింది.

"ఆట చెడగొట్టినోళ్ళు దండగ కట్టాల. ఇది లేవగూడని ఆట, నువ్వేమో లేపినావు. కాబట్టి నువ్వు కప్ప మాదిరి ఈ హాలంతా ఒక చుట్టు గెంతు. వానకు కప్పలు వచ్చేదే కదా."

"మోకాలు నొప్పమ్మా నాకు."

"మీ ఆయన మీద పైకి రాయమంటావా? వంటింటి దానికి వచ్చినోళ్ళ ఆటల్లో ఏం పని అని?"

యాభై ఏళ్ళ మేరమ్మ చీర కుచ్చెళ్ళు కాళ్ళ సందున దోపుకుంది. చేతులు నేలకు ఆనించింది. మొదటి గెంతుకే పక్కకు ఒరిగింది. లేచి మళ్ళీ గెంతింది. వేలాడుతున్న ఉసిరికొమ్మ తలకు తగిలి నాలుగు ఆకులు రాలాయి. వెంకటముని భార్య కడుపు పట్టుకొని నవ్వింది. టీ గ్లాసుల పళ్ళెంతో వచ్చిన వాచ్‌మన్ రాజరత్నం గుమ్మంలో నిలబడి, పెళ్ళాం వైపు చూడకుండా గ్లాసులనే చూస్తున్నాడు.

"ఏం అమరావతీ," అంది కనకవల్లమ్మ అద్దంలోంచి. "నీకు నవ్వు రాలేదా?"

అమరావతి నవ్వింది. చాలదేమో అనిపించి ఇంకా పెద్దగా నవ్వింది. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చాడు. వీపు మీద తడుతూనే నవ్వింది.

నాలుగు గంటలకు వాన తెరిపిచ్చింది. అందరూ సామాన్లు వ్యానులో వేస్తుంటే అమరావతి గుడ్డల కోసం వంటింట్లోకి పోయింది. పొయ్యిలో నీళ్ళు పోసి ఉన్నాయి. బూడిద ఇంకా పొగలు కక్కుతోంది. దండెం ఖాళీగా ఉంది. గుడ్డలన్నీ బకెట్ నీళ్ళలో మునిగి ఉన్నాయి.

మేరమ్మ గోడకు ఆనుకొని మోకాలికి ఉప్పు కాపడం పెట్టుకుంటోంది.

"అక్కా, ఇవి ఆరిండేవి కదా. బిడ్డకు సలిగా ఉండాది."

"పొయ్యిలో పడతాయేమోనని నీళ్ళలో ఏసినా," అంది మేరమ్మ. "నువ్వే చెప్పినావు కదా, పడినాయని." కొంగు ముడి విప్పి మూడో చీటీ తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఇది నీదే. బడిలో పిల్లోళ్ళకు చదివి చెప్పు."

అమరావతి గుడ్డలు పిండి సంచిలో వేసుకుంది. బిడ్డకు తన కొంగే చుట్టింది.

వ్యాను మలుపులు తిరుగుతూ దిగుతోంది. దొరస్వామి మోచేత్తో పొడిచాడు, అడుగు అన్నట్టు. అమరావతి ముందు సీటు వైపు వంగింది.

"అమ్మా, బాల్వాడీ పని ఎప్పటినుంచి రమ్మంటారు?"

కనకవల్లమ్మ వెనక్కి తిరక్కుండానే, "అదా," అంది. "కుప్పంలో మా చెల్లెలి కూతురుంది. పోయిన వారమే దానికి ఆర్డరు ఇచ్చేసినాం."

"మరి..."

"మరేముంది? వానలో పొద్దు పోవాల కదమ్మే. భలే పోయింది నీ పుణ్యాన."

దొరస్వామి కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాడు. బిడ్డ రొమ్ము గురగురమంటోంది. అంతలో కనకవల్లమ్మ టిఫిను క్యారియరు మూత తీసి గరిటెతో టంగుటంగున మోగించింది.

"మదనపల్లె వచ్చేదాకా ఇంకో ఆట."

ఎవరిదో చేతిసంచి దిండుకు బదులు చేతులు మారుతూ వచ్చింది. అది ఒళ్ళో పడగానే అమరావతి బిడ్డను వదిలి, రెండు చేతులతో గబుక్కున పక్కామె మీదికి నెట్టేసింది.