కిటికీకి ఆరేసిన తువ్వాలు

రైలు ఆగని స్టేషన్‌కు చరిత్ర రాస్తానంటూ పట్నం నుంచి ఒకాయన వచ్చాడు. ఉన్నన్నాళ్లూ సున్నం కొట్టించనివాళ్లు, పోయాక పుస్తకం వేయిస్తారు. లోకం తీరే అంత.

ప్లాట్‌ఫారం మీద మిగిలిన ఒక్క సిమెంటు బెంచీ మీద పాత పోర్టరును కూర్చోబెట్టి ఆయన కాగితాలు తీశాడు. పక్కన పోర్టరు బావ, అంటే పెళ్లాం అన్న. ఇక్కడే టీకొట్టు నడిపి, స్టేషన్‌తోపాటే మూతపడ్డవాడు. మర్యాదకు ఫ్లాస్కులో టీ తెచ్చాడు.

"స్టేషన్ ఎందుకు మూసేశారు?" అని అడిగాడు రాసేవాడు.

"ఎవడికో కళ్లు కుట్టాయి," అన్నాడు బావ. "మన నోట్లో మట్టి కొట్టినవాడెవడో గాని, వాడికి పుట్టగతులుండవు. ఏం బావా?"

ఈ మాటకు పోర్టరు పదిహేడేళ్లుగా తల ఊపుతున్నాడు. ఇవాళ ఊపలేదు. చెబితే బావ దూరమవుతాడు. కష్టానికీ సుఖానికీ ఉన్నది ఆ ఒక్క బావే. చెప్పకపోతే నిజం తనతోపాటే కాటికి పోతుంది.

"నేనే, బావా," అన్నాడు.

"ఏంటి నువ్వే?"

పోర్టరు రాసేవాడి వైపు తిరిగాడు. "మా ఊళ్లో టికెట్ కొనడమంటే సొంతింటికి అద్దె కట్టినట్టండీ. చెకింగు వస్తే ఆ టికెట్ కిటికీకి తువ్వాలు ఆరేసేవాణ్ణి. అది చూస్తే ఊరు ఊరంతా ఇళ్లల్లోనే ఆగిపోయేది. ఒకరోజు తెల్లచొక్కా ఆయనొకడు పుస్తకం పట్టుకుని దిగాడు. ఆరేశాను. పొద్దస్తమానం ఇక్కడే కూర్చున్నాడు. ఎక్కింది ముగ్గురు. అందులో ఒకడు నిద్రమత్తులో పొరపాటున దిగి, మళ్లీ ఎక్కినవాడు."

"అయితే?" అన్నాడు బావ.

"సాయంత్రం సాక్షి సంతకం పెట్టమన్నాడు. అప్పుడు చదివాను. వచ్చింది టికెట్లు చూడ్డానికి కాదు బావా, స్టేషన్ ఉంచాలా తీసేయాలా అని మనుషుల్ని లెక్కపెట్టడానికి."

"సంతకం పెట్టావా?"

"పెట్టాను."

బావ ఫ్లాస్కు మూత తిప్పుతూ కూర్చున్నాడు. రాసేవాడు కలం చివర కొరికి, ఒక్క ముక్క రాశాడు. పోర్టరు మెడ చాచి చూశాడు. 'తగినంత మంది ప్రయాణికులు లేనందున మూసివేయబడినది' అని ఉంది.

"నేను చెప్పింది రాయలేదేంటండీ?"

"పుస్తకంలో అంత చోటు లేదండీ," అని ఆయన కాగితాలు సర్దుకున్నాడు.

బావ టీ పోశాడు. మొదటి గ్లాసు రాసేవాడికిచ్చాడు. రెండోది పోర్టరు పక్కన బెంచీ మీద పెట్టాడు.

"తీసుకోండి పోర్టరుగారూ. చల్లారిపోతుంది."