రెండు పేజీల రుజువు

మా ఫిల్మ్ నగర్‌లో పొద్దున్నే అందరూ కలెక్షన్లు చూసుకుంటారు, మా ఆయన సైటేషన్లు చూసుకుంటారు. ఆయన రాసిన పేపరును ఇంకెవరైనా తమ పేపరులో పేర్కొంటే అది ఒక సైటేషన్ అట. రవిచంద్ర గారంటే బీజగణితంలో పేరున్న ప్రొఫెసరే. కానీ ఆ పేరంతా ఇరవయ్యేళ్ళ కిందట రాసిన ఒక్క నలభై పేజీల రుజువు మీద నిలబడింది. దాన్ని ఎక్కడో బ్రెజిల్‌లో ఎవరో తలుచుకున్నా, ఆ రోజు పెసరట్టు అడిగి మరీ వేయించుకుంటారు.

అలాంటి మనిషి పోయిన వేసవి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టారు. గేటు దాకా వెళ్తారు, వస్తారు, కుర్చీలో కూర్చుని మళ్ళీ లేస్తారు. కాఫీ చల్లారబెట్టి వేడి చెయ్యమంటారు. ఏంటండీ మీ బాధ అని నిలదీస్తే చివరికి చెప్పారు.

ఒక జర్నల్ వాళ్ళు పరిశీలించి చెప్పమని ఒక పేపరు పంపారు. రాసింది లాస్య అని, ఈ ఊళ్ళోనే పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి. ఈయన నలభై పేజీల్లో రుజువు చేసినదాన్ని ఆ పిల్ల రెండు పేజీల్లో తేల్చేసింది.

"తప్పుందేమోనని చూస్తున్నా మంజూ."

"దొరికిందా?"

"లేదు."

"మరింకేం, బాగుందని రాసెయ్యండి."

"ఇది అచ్చయితే నా పేపరు ఇంకెవరు చూస్తారు?"

నాకు ఒళ్ళూ మండింది, జాలీ వేసింది. జర్నల్ వాళ్ళు గుర్తు చేసినప్పుడల్లా 'ఇంకా చూస్తున్నాను' అని రాసేవారు. వేసవి పోయింది, వానలూ పోయాయి. ఆయన తిరుగుడు మాత్రం పోలేదు.

డిసెంబరులో నా వంతు వచ్చింది. నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. తెలుగు రాని హీరోయిన్లు చాలామంది నా గొంతుతోనే ఏడ్చారు. కొత్త సినిమాకి సగం చెప్పాక డైరెక్టరు ఫోన్ చేసి, "హీరోయిన్ తనే చెప్తానంటోంది మేడమ్, సారీ" అన్నాడు. జూబ్లీహిల్స్‌లో వాళ్ళ స్టూడియోకి వెళ్ళి ఆ సీన్లు చూపించమన్నాను. ఆ పిల్ల తెలుగు వంకరటింకరే. కానీ ఆసుపత్రి సీన్లో నాకంటే బాగా ఏడ్చింది. కుళ్ళుకున్నాను. ఇదే ఉంచండి అని చెప్పి వచ్చేశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన మండిపడ్డారు. "సగం చెప్పించుకుని తీసేస్తారా? ముందే చెప్పొద్దూ?"

"తెలిసిన రోజే చెప్పారండీ. అందుకే సాయంత్రానికల్లా ఇంకో సినిమా ఒప్పుకున్నాను. చెప్పకుండా నాన్చి ఉంటే నా గతేంటి?"

ఆయన లేచి లోపలికి వెళ్ళి, రుజువు సరైనదే, వెంటనే అచ్చు వెయ్యండి అని రాసి పంపేశారు. చాన్నాళ్ళకి ఆ పూట అన్నం సరిగ్గా తిన్నారు.

మర్నాడు జవాబొచ్చింది. రాసిన అమ్మాయి పోయిన వారమే పేపరు వెనక్కి తీసుకుందట. మీ అభిప్రాయంతో ఇక అవసరం లేదు, ధన్యవాదాలు అన్నారు.

వెంటనే లాస్య గైడుకి ఫోన్ చేశారు. స్పీకరులో నాకూ వినబడింది.

"ఎనిమిది నెలలు జూసింది సార్. తప్పున్నది గావొచ్చు, అందుకే జవాబిస్తలేరని ఆ పిల్లనే అనుకున్నది. యాష్టకొచ్చి పీహెచ్‌డీ ఇడిచిపెట్టింది. ఇప్పుడు యూసుఫ్‌గూడల కోచింగ్ సెంటర్ల చెప్తున్నది. గా పేపర్ ఎవరి దగ్గర ఆగిందో మరి."

ఆయన ముఖం చూడలేకపోయాను. పేపరు పరిశీలించినవాళ్ళ పేరు రాసినవాళ్ళకి తెలియకూడదని వాళ్ళ లోకంలో నియమం. ఆ నియమం చాటునే ఇన్నాళ్ళూ కూర్చున్నారు. లాస్య నంబరు తీసుకుని, హాల్లో ఆ గోడకీ ఈ గోడకీ తిరిగి తిరిగి డయల్ చేశారు. రింగవుతుండగానే ఫోన్ నా చేతిలో పెట్టేశారు.

"నువ్వు చెప్పు మంజూ. అది తప్పు కాదని చెప్పు. నీకైతే మాట్లాడటం వచ్చు."

ముప్పయ్యేళ్ళుగా ఎవరెవరికో గొంతిచ్చాను. ఫోన్ తిరిగి ఆయన చేతిలోనే పెట్టాను.

"దీనికి నేను డబ్బింగ్ చెప్పను."

అవతల ఆ అమ్మాయి, "హలో? ఎవరు మాట్లాడేది?" అంటోంది.