సోలాపూర్ దుప్పటి కింద బీరు

అమెరికాలో జార్జియా ఎండతో పోట్లాటకు దిగి గెలిచినవాళ్లు లేరని, ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల హోమ్‌బ్రూ క్లబ్బులో పాతకాపులు అంటూ ఉంటారు. భవిత ఆ మాట విని నవ్వి ఊరుకుంది. ఎండ సంగతి తెనాలిలో పుట్టినదానికి ఇంకొకరు చెప్పాలా?

అల్ఫారెట్టా ఊళ్లో భవిత వాళ్ల గ్యారేజ్‌లో ఒక మూల ఆమెది. అక్కడ ఆమె బీరు కాస్తుంది. ఆఫీసులో రోజంతా ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే మనిషికి, ఒక వస్తువును మొదటి నుంచి చివరిదాకా తన చేత్తో చేసుకోవడంలో ఉన్న సుఖం అంతా ఇంతా కాదు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నానబెట్టడం, ఆ రసం కాచి చేదు కోసం హాప్స్ పూలు వేయడం, చల్లార్చి బకెట్లోకి వంచడం, పైన పులియబెట్టే ఈస్ట్ చల్లడం, ఎందులోనూ ఆమెకు వంక పెట్టలేం. చెడేదల్లా ఆ తర్వాతే. ఈస్ట్ పనిలోకి దిగిన మొదటి రోజుల్లో బకెట్ చల్లగా ఉండాలి. పులిసేటప్పుడు అసలే దానంతట అది వేడెక్కుతుంది. దానికి గ్యారేజ్ వేడి కూడా తోడైతే ఈస్ట్ ఒళ్లు మరిచి నానా వాసనలూ పుట్టిస్తుంది.

మొదటిసారి బీరు మాగిన అరటిపండు వాసన కొట్టింది. రెండోసారి, భర్త జితేందర్ స్నేహితుడు హర్షిత్ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది తాగడానికా, గోళ్లరంగు తుడుచుకోవడానికా అని అడిగాడు. ఇంటినిండా ఉన్న చుట్టాలూ స్నేహితులూ పడీ పడీ నవ్వారు. భవిత కూడా నవ్వింది గానీ ఆ నవ్వు ఆమెకు ఇప్పటికీ అరగలేదు.

జితేందర్ చెడ్డవాడేం కాదు. కాకపోతే ఆ మూల మీద అతనికి ఎప్పటి నుంచో కన్నుంది, ట్రెడ్‌మిల్ పెట్టుకోవాలని. మాటా మాటా పెరిగి పందెం దాకా వచ్చింది. ఆగస్టు చివర జరిగే క్లబ్బు పోటీలో భవిత బీరు మొదటి మూడింటిలో ఒకటిగా రావాలి. రాకపోతే సామానంతా అమ్మేసి మూల ఖాళీ చేయాలి. అతను ఆటకు అన్నాడేమో, ఆమె మాత్రం నిజంగానే ఒప్పుకుంది.

బకెట్ కోసం పాత ఫ్రిజ్ ఒకటి కొనుక్కోమని అందరూ చెప్పారు. ఫ్రిజ్‌తో గెలిస్తే అది ఫ్రిజ్ గెలుపు అంది భవిత. వేడంటే ఇష్టపడే ఈస్ట్ ఒకటుంది, నార్వే రైతులు తరతరాలుగా వాడుతున్నారు అంటూ క్లబ్బులో ఒకాయన ప్యాకెట్ చేతిలో పెట్టాడు. అది వాడడమంటే ఎండకు తలవంచడమే అనుకుని దాన్ని వంటింటి ఫ్రిజ్‌లో గోంగూర సీసా వెనక పడేసింది. తెనాలి పట్టుదల అలాగే ఉంటుంది మరి.

ఆమె ఉపాయం ఆమెకుంది. పెద్ద టబ్బులో నీళ్లు పోసి అందులో బకెట్ నిలబెట్టింది. జితేందర్ పాత టీషర్టు తడిపి బకెట్‌కు తొడిగింది. ఎదురుగా ఫ్యాను పెట్టింది. గడ్డకట్టించిన నీళ్ల సీసాలు పూటపూటా మారుస్తూ వచ్చింది. బయట తొంభై అయిదు డిగ్రీల ఫారెన్‌హీట్ మండుతున్నా బకెట్ అరవై ఎనిమిది దాటలేదు. ఈసారి గెలుపు తనదేనని ఆమెకు రవ్వంత సందేహం కూడా లేదు.

లెక్కలోకి తీసుకోనిదల్లా అత్తగారినే.

కృష్ణవేణి గారు కరీంనగర్‌లో లెక్కల టీచరుగా రిటైరై, కొడుకు దగ్గర వేసవి గడపడానికి వచ్చారు. వచ్చిన మర్నాడే గ్యారేజ్‌లోకి తొంగిచూసి ఆ బకెట్లలో కాచేదేమిటని అడిగారు. భవిత పుట్టింట్లో మందు పేరు ఎవరూ పైకి అనరు, బొటనవేలు నోటి దగ్గర పెట్టి సైగ చేస్తారంతే. అత్తగారి ఇల్లూ అలాంటిదేనని ఎవరినీ అడగకుండానే తీర్మానించుకుని, బార్లీ నీళ్లు అత్తయ్యా, పులియబెట్టి తాగితే ఒంటికి చలవ అని చెప్పేసింది. నిజం చెప్పెయ్, మా అమ్మ ఏమీ అనదని జితేందర్ పోరినా చెవికెక్కించుకోలేదు.

ఈస్ట్ చల్లిన మర్నాడు భవిత ఆఫీసుకు పోక తప్పలేదు. సీసాలు మార్చి, ఫ్యాను చూసుకుని వెళ్లింది. సాయంత్రం గ్యారేజ్ తలుపు తీసేసరికి ఫ్యాను ఆగి ఉంది. టబ్బులో నీటిచుక్క లేదు. తడి టీషర్టు ఉతికి ఆరేసి ఉంది. బకెట్ మెడదాకా సోలాపూర్ దుప్పటి కప్పుకుని జ్వరమొచ్చిన పిల్లాడిలా కూర్చుంది. మూత సందుల్లోంచి నురగ పొంగి దుప్పటి మీదికి కారుతోంది. దుప్పటి తొలగించి బకెట్ మీది థర్మామీటరు చూసింది. ఎనభై తొమ్మిది.

వెనకాలే అత్తగారు మురిసిపోతూ వచ్చారు. "చూసినవా బిడ్డా, పొద్దుగాల పాపం మంచు లెక్క సల్లగున్నది. గా నీళ్లల్ల పెడితే ఎట్ల పులుస్తది? గిప్పుడు చూడు, ఎంత మంచిగ పొంగిందో."

ఆవిడ తప్పేముంది? కిందటిసారి చలికాలంలో వచ్చినప్పుడు, అమెరికాలో దోసెల పిండి పులవదని, దుప్పటి కప్పితేనే పొంగుతుందని నేర్పింది భవితే. నేర్చిన పాఠం ఆవిడ శ్రద్ధగా అప్పజెప్పారు. భవిత స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది. ఏడుస్తూనే అంతా చెప్పింది, బీరనీ, పోటీ అనీ, పందెమనీ, మూల పోతుందనీ.

కృష్ణవేణి గారు దుప్పటి అంచున అంటిన నురగ వేలితో తీసి వాసన చూశారు.

"బోనాలకు అమ్మవారికి కల్లు సాక పోసిన చేతులు బిడ్డా ఇవి. చెట్టు మీదికెంచి దించిన కల్లు పొద్దుగాల తియ్యగుంటది, ఎండెక్కితే పాడైతదని మా ఇంట్ల చిన్నపిల్లలకు సుత ఎరుకే. బీరు అని ఒక్క మాట చెప్తే నేను దుప్పటి కప్పుదునా?" అన్నారు. ఆ తర్వాత గొంతు తగ్గింది. "నీ బీరు ఖరాబైందని కాదు నా బాధ. నన్ను పరాయిదాన్ని చేసినవ్."

భవితకు ఆ మాట గుండెలో గుచ్చుకుంది. బకెట్‌ను చెడగొట్టింది దుప్పటి కాదు, తన అబద్ధమే. "తప్పు నాదే అత్తయ్యా. మీ గురించి మిమ్మల్ని అడక్కుండా నేనే అనేసుకున్నాను," అంది. ఆవిడ కొంగుతో కోడలి ముఖం తుడిచి, పోటీ ఎప్పుడని అడిగారు.

మూడు వారాలుంది. మామూలు ఈస్ట్‌తో మళ్లీ మొదలుపెడితే అందుకోవడం కష్టం. అప్పుడు గుర్తుకొచ్చింది గోంగూర సీసా వెనకున్న ప్యాకెట్. వేడిలో ఉంచితే వారం తిరక్కుండా పని ముగిస్తుందది. భవితకు తన మీద తనకే కోపం వచ్చింది. ఎండను ఓడించాలన్న పంతంతో, ఎండను పనిలో పెట్టుకునే దారిని చేజేతులా అటకెక్కించింది.

ఆ శనివారం మళ్లీ కాచింది. నార్వే ఈస్ట్‌కు వేడి ఒక్కటే చాలదు, అది నిలకడగా ఉండాలి. జార్జియాలో సాయంత్రాలు ఉరుములతో వాన పడితే గ్యారేజ్ ఉన్నట్టుండి చల్లబడుతుంది. అందుకని ఉతికిన సోలాపూర్ దుప్పటే మళ్లీ బయటికొచ్చింది. ఏళ్ల తరబడి పదో తరగతి పరీక్షలకు కాపలా కాసిన టీచరమ్మ, కుర్చీ వేసుకుని థర్మామీటరు ముందు కూర్చున్నారు. తొంభై దాటిందా, దుప్పటి ఒక మడత తీస్తారు. తగ్గిందా, మళ్లీ కప్పుతారు. కొడుకు ట్రెడ్‌మిల్ పెట్టే చోటు కొలవడానికి టేపు పట్టుకొస్తే, హాలు టికెట్ లేనివాణ్ణి పంపినట్టు బయటికి పంపేశారు.

సీసాల్లో పోసిన బీరు బంగారు రంగు తేలింది. గోళ్లరంగు లేదు, అరటిపండు లేదు. నారింజ తొక్క గిల్లినట్టు సన్నని వాసన, అంతే. అత్తగారు స్టీలు గ్లాసులో సగం తాగి, "కల్లంత లేదు గని, మంచిగనే ఉన్నది," అని తీర్పిచ్చారు.

పోటీలో రెండో బహుమతి వచ్చింది. మొదటిది రావాల్సిందని భవిత ఇప్పటికీ అంటుంది. జితేందర్ ముందే కొని పెట్టుకున్న ట్రెడ్‌మిల్‌ను పడగ్గదిలోకి మోసుకుపోయాడు.

ఆ మర్నాడు కృష్ణవేణి గారు వంటింట్లో కూర్చుని చెల్లెలు లక్ష్మీకాంతంతో వీడియోలో మాట్లాడుతున్నారు. వెనక గట్టు మీద సీసాలు, ఒకదాని మెడలో బహుమతి రిబ్బను. అవేం సీసాలక్కా అని కరీంనగర్ నుంచి ప్రశ్న రానే వచ్చింది. బెండకాయలు తరుగుతున్న భవిత చెయ్యి ఆగిపోయింది. బార్లీ నీళ్లన్న మాట పాత అలవాటు కొద్దీ నాలుక చివరిదాకా వచ్చింది.

అత్తగారు ఫోను సీసాల వైపు తిప్పారు.

"బీరు. మా కోడలు కాచింది, రెండో ప్రైజ్ వచ్చింది," అన్నారు. "దుప్పటి నాది."