ఇరవై ఎనిమిదో రోజులోగా

దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. ఆ ఇంట్లో మాత్రం ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టుకుని ఆమె ఒక్కతే మడుస్తుంది. బడిలో జీవశాస్త్రం చెప్పే ఆమెకి ఆ పని చేస్తున్నప్పుడల్లా పాఠమే గుర్తొస్తుంది. పిండంలో మొదట ఒక పలచటి పలక ఏర్పడుతుంది. దాని రెండంచులూ లేచి, వంగి, ఒకదాన్నొకటి కలుసుకుని గొట్టమవుతాయి. పైకొస మెదడు, మిగిలింది వెన్నుపాము. అదంతా ఇరవై ఎనిమిదో రోజుకల్లా అయిపోవాలి. "అది మూసుకుందో లేదో అమ్మకి తెలుస్తుందా టీచర్?" అని మొన్న ఓ పిల్ల అడిగింది. అప్పటికి తను తల్లినన్న సంగతే చాలామందికి తెలియదని చెప్పి, అటు తిరిగి ఖాళీ బోర్డునే చాలాసేపు తుడిచింది.

ఆమె మొదటి బిడ్డకి పైకొస మూసుకోలేదు. ఐదో నెల స్కానింగులో తేలింది. పెళ్లయిన కొత్తలోనే ఆమె, ఆ గొట్టం సరిగ్గా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్ మాత్రలు తెచ్చుకుంటే అత్తగారు, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. మూడో నెల వచ్చాక వేసుకో" అని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆవిడ లెక్కలో మందంటే రోగానికే. కొత్త కోడలు నోరు మెదపలేదు. బిడ్డ పోయాక ఆడపడుచు, "ఊరందరికీ పాఠాలు చెబుతావు, నీ కడుపు నువ్వు కాచుకోలేకపోయావు" అంది. తెలిసీ ఊరుకున్నాను కదా అని ఆమె ఇప్పటికీ కుమిలిపోతుంది. ఈసారి మూడు నెలలు మాత్ర వేసుకున్నాకే బిడ్డ మాట ఎత్తమంది డాక్టరమ్మ. భర్త ఒక్క నెల కూడా ఆగలేదు. "ఇంకోటి పుడితే అన్నీ మర్చిపోతావులే" అన్నాడు.

ఇవాళ్టికి నెల తప్పి నాలుగు రోజులు. నెల తప్పేనాటికే పిండానికి పద్నాలుగు, ఇప్పుడు పద్దెనిమిది. ఇంకా పది రోజులున్నాయి.

దుప్పట్ల మధ్య దాచుకున్న మాత్రల కోసం తడిమింది. లేవు. చెత్తబుట్టలో, కూరగాయల తొక్కల కింద కనిపించాయి, అన్నీ రేకులోంచి తీసి నలిపేసి.

"నేనే పారేశాను," అంది అత్తగారు. "ఊరికే మందులు మింగితే ఒంటికి వేడి."

"అమ్మ నీ మంచికే చేసింది," అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా.

ఆమె ఆ బుట్ట పక్కనే చతికిలపడిపోయింది. ఇంత ఆలస్యంగా మొదలుపెట్టిన మాత్ర ఎంతవరకు కాపాడుతుందో ఆమెకే తెలియదు. ఉన్నది పదే రోజులు, వాటిని కూడా ఈ ఇల్లు మింగేస్తుందని మాత్రం తెలిసిపోయింది.

లేచి చేతులు కడుక్కుంది. నాలుగు బట్టలూ, మడిచిన దుప్పటీ సంచిలో పెట్టుకుంది. తనతో పనిచేసే లెక్కల టీచరమ్మ ఒంటరిగా ఉండే గది బడి పక్కనే. మందుల షాపు దారిలోనే.

"నెల తప్పింది," అంది గుమ్మం దగ్గర ఆగి. "మాత్ర నా చేతిలో ఉండే చోటికి పోతున్నా. పది రోజులు."

"ముందే చెప్పి ఏడవచ్చుగా," అని గొణిగింది అత్తగారు.

భర్త పేపరు పక్కన పెట్టాడు. "సరే, పది రోజులయ్యాక వచ్చేస్తావుగా."

"బిడ్డకి పది రోజులు చాలు," అంది ఆమె చెప్పులు వేసుకుంటూ. "నాకెన్ని కావాలో ఇంకా లెక్కపెట్టుకోలేదు."