వీపు మీద నిశ్శబ్దం

పొయ్యి మీంచి తను పాలు దించిందో లేదో, దించే ఉంటుంది, లేకపోతే అత్త దారిపొడవునా సాధించేది, అయినా పాలెవరికి కావాలి, చంటిది నిన్నటి నుంచి చుక్క తాగలేదు, ఒళ్లు పెనంలా కాలిపోతోంది, ఆసుపత్రి చూస్తే ఏటికి అవతల, ఈ వేలాడే వంతెన దాటితే కూతవేటు దూరం, దాటితే కదా, రెండు ఇనప తాళ్లు, వాటికి వేలాడుతూ చెక్కపలకలు, అక్కడక్కడా పలక ఉండాల్సిన చోట ఏరు, ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, తనకి కింద కూడా నుయ్యే, ఒక్కొక్కరే వెళ్లాలమ్మా, ఇప్పుడు ఇద్దరి బరువు ఆగదు అన్నాడు వంతెన కాపలా తాత, అంటే తోడెవరూ రారు, మొగుడు మిల్లులో డ్యూటీ, అత్తకి మోకాళ్లు, పిల్లనెత్తుకుని తాడెలా పట్టుకుంటావే, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి అంటూ అత్తే పాత దుప్పటి చింపి పిల్లని తన వీపుకి కట్టింది, ముడి మీద ముడి, కట్టినంతసేపూ నోరు మాత్రం కట్టుకోలేదు, వంతెనకి జడిసి బడి మానేసిన మహాతల్లివి, ఇవాళైనా దాటతావా, పిల్ల పెళ్లి దాకా ఇక్కడే నిలబడతావా, అంది అత్త, నవ్వలేదు, తనూ నవ్వలేదు, నిజమే, పెద్ద బడి అవతలి ఒడ్డునే, మొదటి రోజు సగం దాకా వెళ్లి కూలబడిపోతే నాన్న వచ్చి మేకపిల్లని లాక్కొచ్చినట్టు లాక్కొచ్చాడు, అక్కడితో చదువు సరి.

అడుగేసింది, పలక మూలిగింది, కిందికి చూడకమ్మా అని వెనక నుంచి తాత, చూడకపోతే ఖాళీలెలా తెలుస్తాయి తాతా అనాలనుంది, తుప్పు అరచేతుల్లో గుచ్చుకుంటోంది, ఒక చెయ్యి జరిపి అది బిగిశాకే రెండోది, వీపు మీద పిల్ల సన్నగా ఏడుస్తోంది, ఏడవనీ, ఏడుస్తోందంటే బతికుంది, గాలి తోసింది, వంతెన పక్కకి ఒరిగి మళ్లీ వచ్చింది, నాన్న రాడిప్పుడు, నాన్న పోయాడు, ఆ పలక దగ్గరే కదూ అప్పుడు కూలబడింది, మోకాళ్లకి గుర్తున్నట్టుంది, వాటంతటవే వంగుతున్నాయి, కూర్చుంటే, ఒక్క క్షణం కూర్చుంటే

ఏడుపు ఆగింది, నిద్రపోయిందా, పాపా, అమ్మలూ, పలకదు, జ్వరప్పిల్ల తల వాల్చేసిందా, దుప్పటి మరీ బిగిసి ఊపిరి, అత్తా అని అరిస్తే ఈ నీళ్ల హోరులో ఎవరికి వినబడుతుంది, ముందుకి కట్టించుకుని ఉంటే మొహమైనా కనబడేది, పడిపోకూడదని చేతులు ఖాళీ చేసుకుని పిల్లని చూసుకునే వీలే పోగొట్టుకుంది, ఇప్పుడు తాడు వదలాలి, వేళ్లు కొయ్యబారిపోయాయి, వదలవే, వదులు, ఎప్పుడు వదిలిందో తెలీదు, చెయ్యి వెనక్కి పాకి చెవి తడిమింది, చెంప, పెదాలు, ముక్కు కింద వేలు పెట్టి ఆగింది, వంతెన ఊగుతూనే ఉంది, ఊగనీ, వేలికి ఏమీ తగల్లేదు, ఇంకా ఏమీ తగల్లేదు, తరవాత సన్నగా, వేడిగా, ఒక ఊపిరి.

ఆ చెయ్యి మరి తాడు మీదికి పోలేదు, ఒంటిచేత్తో, ఖాళీ వస్తే అంగ వేసి, తర్వాతి ఊపిరి వస్తుందా రాదా అని వేలితో వింటూ, నడుస్తున్నానన్న ధ్యాస కూడా లేకుండా, కాలికి మట్టి తగిలింది, దాటేసింది, వెనక ఆ ఒడ్డున అత్త చెయ్యెత్తి ఏదో అంటోంది, మెచ్చుకోలో తిట్టో, సంతోషం రాలేదు, ఆసుపత్రి గేటు వైపు పరిగెడుతుంటే తెలిసింది, వంతెన భయాన్ని అంతకంటే పెద్దదేదో మింగేసి తనలో కూర్చుంది, ఈ పిల్ల ఇవాళ బతికి బట్టకట్టినా, నడిచినా, తనని మించి ఎదిగినా, తన వేలు దాని ముక్కు కిందే ఉంటుంది, ఏటికైతే అవతలి ఒడ్డుంది, ఈ భయానికి లేదు.