కూర్చున్నవాళ్ల గాలి

ఎరువు బస్తాతో కుట్టిన సంచిలో కూర్మమ్మ కూతురి చీరలు రెండూ కుక్కింది. దువ్వెన వేసింది. ఎండు నెత్తళ్ల చేపలు కాగితంలో చుట్టి పైన పెట్టింది.

"రేపు తొలి బస్సుకి పాతపట్నం ఎల్లిపో గుంటా. ఆ గదిలోకి మరి దిగొద్దు."

"నాను ఎల్లిపోతే నా సోట్లో ఎవులు దిగుతారే అమ్మా? నువ్వేనా?" అంది నీలవేణి.

కూర్మమ్మ సంచి మూతి బిగించింది.

విజయనగరం నుంచి సముద్రం వైపు పోయే దారిలో మూతపడిన రొయ్యల ఫ్యాక్టరీ అది. దాన్ని తుక్కు కింద కొన్న కంట్రాక్టరు జగన్నాధం పాత కూలింగ్ మిషన్లు పగలగొట్టిస్తున్నాడు. మిషన్ల గది నేలకంటే దిగువన ఉంది. ఆడవాళ్లు అక్కడ గొంతుక్కూర్చుని రాగి గొట్టాలు విడదీస్తారు. రాగి పోతుందని బయట తాళం వేయిస్తాడు. గొట్టం తెగినప్పుడల్లా బుస్సుమని చల్లటి గాలి వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. ఆ రోజు మధ్యాహ్నం ఆ చల్లగాలిలోనే, వాళ్లతో పనిచేసే అసిరమ్మ కూర్చున్నది కూర్చున్నట్టే ఒరిగిపోయింది. పక్కనే నిలబడ్డ సూపర్‌వైజరుకి తలనొప్పి కూడా రాలేదు.

జగన్నాధం వచ్చి చూసి "ఎండదెబ్బ" అన్నాడు. ఎండ చొరబడని గదిలో ఎండదెబ్బ!

అసిరమ్మను ఆసుపత్రిలో చేర్చి, ఆమె మేనల్లుడు గిరిబాబు సాయంత్రం కూలీల పాకల దగ్గరికి వచ్చాడు. రాజాంలో డిగ్రీ కెమిస్ట్రీ చదువుతున్నాడు. అందరూ చుట్టూ చేరితే చెప్పాడు:

"గొట్టాల్లోంచి వచ్చే ఆ గాలి క్లోరోఫ్లోరోకార్బన్. దీని జాతివి చాలావాటిని ఆల్కహాల్లో కలిపిన పొటాష్‌తో మరిగిస్తే హైడ్రోజనూ క్లోరినూ ఊడిపోతాయి. దీనికి ఊడ్డానికి హైడ్రోజనే లేదు. అందుకే ఇక్కడ ఏదీ దాన్ని విరవలేదు. చెక్కుచెదరకుండా పైకి పోయి, అక్కడి ఎండకి విరిగి, మనల్ని కాసే ఓజోన్ పొరని తినేస్తాది..."

"ఊరుకో బాబూ!" తోటి కూలి జగ్గమ్మ అడ్డొచ్చింది. "ఇక్కడ మాకు ఊపిరాడక సస్తంటే, నువ్వు మబ్బులికి మాసికలేస్తన్నావేటి?"

గొల్లున నవ్వారు. గిరిబాబు ముఖం కందింది.

"పైకి పోవడం తరవాత అత్తా. ముందు అది గాలికంటే బరువు. తలుపులు మూస్తే గోతిలో నీళ్లలాగ అడుగునే నిలిచిపోతాది."

నవ్వినవాళ్లే దగ్గరికి జరిగారు.

"అయితే నిలబడ్డోడికి గాలి, కూకున్నోలికి గేసా!" అంది నీలవేణి. "తలుపులు తియ్యాల. ఆ గేసు సిలిండర్లలోకి పట్టాల. అందాకా ఎవులం దిగం."

గిరిబాబు కాలుష్య నియంత్రణ ఆఫీసుకి ఫోను చేశాడు. "వాసన వస్తోందా? మంట? మరి దేని మీద ఫిర్యాదు?" అని పెట్టేశారు.

పొద్దున్న తొలి బస్సు వెళ్లిపోయింది. నీలవేణి ఎక్కలేదు. అందరూ గేటు దగ్గర నిలబడ్డారు.

"కూకుని పని సెయ్యడానికి కూలిస్తన్నాను గానీ నిలబడి నన్ను సూడ్డానికి కాదు," అన్నాడు జగన్నాధం. "వచ్చినోలికి రెండింతలు. ఎవులొస్తారు?"

జగ్గమ్మ తల దించుకుని లోపలికి నడిచింది. ఇంట్లో మొగుడు మంచాన ఉన్నాడు. ఆమెను ఎవరూ తిట్టలేకపోయారు.

తాళం పడింది. లోపల సుత్తి మోగింది. మోగి మోగి ఆగిపోయింది.

"జగ్గమ్మప్పా!" నీలవేణి కేకేసింది. పలుకు లేదు. "తాళం తియ్యరా!"

"అలిసిపోయి కూకుంటాదిలే," అన్నాడు జగన్నాధం.

పదిమంది ఇనప దూలం ఎత్తి తలుపు మీద గుద్దారు. గడియ ఊడింది. గిరిబాబు "ఆగండి, గాలి పోనివ్వండి!" అని అరుస్తూనే ఉన్నాడు. నీలవేణి దిగిపోయింది. వంగి జగ్గమ్మను భుజానికెత్తి, మెట్ల మీది చేతులకు అందించింది. జగ్గమ్మ పైకి వచ్చింది. నీలవేణి మోకాళ్ల మీద కూలింది. దిగబోయిన కూర్మమ్మను నలుగురు వెనక్కి లాగి పట్టుకున్నారు. మిగతావాళ్లు ఆ దూలంతోనే కిటికీలన్నీ పగలగొట్టారు. గాలి ఆడాక నీలవేణిని పైకి తెచ్చారు; అప్పటికే ఊపిరి లేదు.

రాగి లారీ కదలబోతే రోడ్డుకి అడ్డంగా నిలబడ్డారు. పోలీసులు వచ్చారు. జగన్నాధాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గిరిబాబునీ ఆడవాళ్లనీ వ్యానెక్కించారు. "ఇంటికెళ్లమ్మా," అన్నాడు ఎస్సై కూర్మమ్మతో.

"ఎల్లి ఏటి సెయ్యాల బాబూ? ఆ గదికి మల్లీ తాళమేస్తారు. నాను ఎల్లను."

వ్యాను మలుపు తిరిగేలోపే పక్క పల్లె నుంచి చేపలమ్మే ఆడవాళ్లు గంపలు దించి, లారీ ముందుకి వచ్చారు. ఆ లారీ కదల్లేదు.

జగ్గమ్మ బతికింది. అసిరమ్మ వారానికి లేచింది. నీలవేణి మరి లేవలేదు. ఆమె పోయింది వైశాఖ మాసం, మంగళవారం పొద్దున్న.