పడేవాడి గుర్రం

పొద్దున్నే ఫ్లాట్ బుష్ పేటలోని కార్లన్నీ మోటర్‌వే మీదికి ఎగబడ్డాక పట్టాభిరామయ్య పాల కోసం, ఇక్కడ డెయిరీ అని పిలిచే వీధి చివరి కొట్టుకి నడిచి వెళ్తాడు. ఆయన నీడ మాత్రం గుర్రమెక్కి వెళ్తుంది.

"బాబాయిగారూ, గుర్రాన్ని కాస్త అవతల కట్టండి. నా పూలకుండీలు మేసేస్తోంది" అంటుంది డెయిరీ నడిపే మంగాదేవి. ఆయన పక్కకి జరిగి నిలబడతాడు. అంతే.

మనవరాలు నిరుపమకి ఆ గుర్రం కథ కంఠతా వచ్చు. మద్రాసులో చవకగా కౌబాయ్ సినిమాలు చుట్టేసిన రోజుల్లో తాతయ్య పని ఒక్కటే, తుపాకీ పేలగానే గుర్రం మీంచి పడి చావడం. ఎడమకాలు రికాబులోంచి ముందే జార్చుకోవాలి. కెమెరా ఉన్న ఎడమవైపే పడాలి. తెర మీద పేరుండదు, మొహం కనిపించదు. ఓసారి నిర్మాత గుర్రం కాళ్లకి తీగ కట్టించి దాన్నీ పడగొట్టించాడు. అది మళ్ళీ లేవలేదు. ఆ సాయంత్రమే దాని నీడ వచ్చి ఈయన నీడ కింద చేరింది.

ఇప్పుడు ఈ పరాయి దేశంలో, టౌరంగా ఊరి దగ్గర ఎవరో కుర్రాళ్ళు కౌబాయ్ సీరీస్ తీస్తున్నారు. తాతయ్య వేషం ఒప్పుకున్నాడు. మొదటి సీన్లోనే కాల్చేస్తారు.

"దున్నేవాడిదే భూమి అయితే పడేవాడిదే సినిమా కావాలి! ఒళ్ళు మనది, తెర వాళ్ళదా?" యూనివర్సిటీ మెట్ల మీద నినాదాలిచ్చే గొంతుతోనే నిరుపమ వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ అరిచింది. "తుంటి ఇంకోసారి విరిగితే ఇక మంచమే అన్నాడు డాక్టర్. వాళ్ల కోసం చచ్చింది చాలదా?"

"పరుపు వేస్తారటే" అన్నాడాయన బూట్లు తుడుచుకుంటూ. "ఈసారి మొహం కూడా కనిపిస్తుందిట."

తను కాదంటే బస్సెక్కి పోతాడని నిరుపమే డ్రైవ్ చేసింది, దారంతా తిడుతూనే.

షూటింగు దగ్గర తాతయ్య గుర్రమెక్కాక చూసింది. పరుపు కుడివైపు వేశారు. ఎడమవైపు అన్నీ రాళ్లే.

"తాతయ్యా, కుడివైపు!"

తుపాకీ పేలింది. ఆ ఒంటికి మద్రాసు తప్ప ఇంకో మాట తెలీదు. ఎడమకాలు రికాబులోంచి జారింది, మనిషి ఎడమకి ఒరిగాడు. రాళ్ల మీద పరుచుకున్న నీడగుర్రం దిగ్గున లేచి, పడుతున్నవాణ్ని వీపుమీదికి అందుకుని కొండవాలు మీద దౌడు తీసింది. టోపీ కూడా జారలేదు.

"ఎవరూ కట్ చెప్పకండి" అన్నాడు డైరెక్టర్.

తిరిగొచ్చి దిగేసరికి తాతయ్య కాళ్ల దగ్గర ఒక ముసలాయన నీడే ఉంది. గుర్రం నీడ దూరంగా, జీను లేకుండా, గొర్రెల మధ్య మేస్తోంది. డైరెక్టర్ ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతూ ఏదో చెప్పి వెళ్లాడు.

నిరుపమ పరుగెత్తుకొచ్చింది. "దెబ్బ తగిలిందా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అప్పట్లో చచ్చినవాణ్ని మధ్యాహ్నం కల్లా పంపించేసేవాళ్లు" అన్నాడు. "వీళ్ళేంటే, రేపు కూడా రమ్మంటున్నారు!"